పది గంటల నలభై రెండు నిమిషాలు

ముహూర్తమా? నన్నా మీరు ముహూర్తం అడుగుతున్నది? ఇంకెవరూ దొరకలేదా అచ్చిబాబు గారూ? మీ కొవ్వూరులో సిద్ధాంతులే లేరా? పనిగట్టుకుని బస్సులో నిలబడి, బ్రిడ్జి దాటి, ఈ ఎండలో ఇంత దూరం వచ్చి... నన్నా!

అబ్బే, కోపం కాదండి. మీ మీద నాకెందుకు కోపం? కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చోండి. ఆ చక్రకేళి అరటిపళ్ళ అత్తం అలా కింద పెట్టండి. ఎందుకు తెచ్చారండీ ఇవన్నీ? నాకు పళ్ళిచ్చే రోజులా ఇవి?

రేపు అమ్మాయిని తీసుకుని ఎన్నింటికి బయల్దేరాలో చెప్పాలి. వర్జ్యం తగలకూడదు, దుర్ముహూర్తం తగలకూడదు, యూనివర్సిటీ విచారణ కమిటీ వాళ్ళ మనసు మెత్తబడాలి. అంతేగా? తండ్రి మనసు, కాదనను. కానీ నా నోటితో ఇంకో ముహూర్తం చెప్పించకండి. మీకు దండం పెడతాను.

నాగదుర్గ ఏమంటోంది?

ఊఁ.

అంతేనా? అన్నం తినట్లేదు సరే, ఇంకేమీ అనట్లేదా? "మాస్టారికి అంతా తెలుసు, మాస్టారే చెప్తారు." అదొక్క ముక్కేనా? మూడు రోజులనించీ అదే ముక్కా?

హమ్మ. ఆ పిల్ల నోట ఆ మాట వినకూడదనుకున్నానండి నేను.

సరే, వినండి. మీకు వాళ్ళేం చెప్పారో నాకు తెలీదు. పరీక్ష పేపరు ముందురోజే బయటికొచ్చింది, జెరాక్సు షాపుల్లో పంచుకున్నారు, దానికి మీ అమ్మాయే కారణం, రేపు కమిటీ ముందు ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పజెప్తాం. ఇదేగా? నేను మొదట్నించీ చెప్తాను. మధ్యలో అడ్డుపడకండి. అడ్డుపడితే ఆగిపోతాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం నావల్ల కాదు.

మా నాన్నగారు పంచాంగం చూసేవారండి. ధవళేశ్వరం నించి కడియం దాకా ఎవరింట్లో శంకుస్థాపన జరిగినా మా అరుగు మీదికి రావాల్సిందే. నాకు ఆ గొడవంటే చిన్నప్పట్నించీ చిరాకు. దాన్నించి తప్పించుకుందామనే లెక్కల్లో పడ్డాను. వాల్తేరు వెళ్ళి అయిదేళ్ళు ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేశాను. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది ఉన్నాయి చూడండి, ఇంకో అంకెతో తెగనివి, అవి. కంప్యూటర్లో రహస్యాలకి వేసే గట్టి తాళాలన్నీ వాటి మీదే నిలబడతాయండి. నేను పరిశోధన చేసేనాటికి ఆ సంగతి నాకే తెలీదు.

డాక్టరేటు వచ్చింది. ఇక్కడ డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పాను. ఆ ముప్పై రెండేళ్ళలో నీ పరిశోధన ఏంటయ్యా అని అడిగినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు! స్టాఫ్ రూములో నాకు పడే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, మా కోడలికి సీమంతం, మంచి రోజు చూసిపెడుదురూ." నాన్నగారి కొడుకునిగా, తెలీదని ఎలా అంటాను? చూసిపెట్టేవాణ్ణి. తిట్టుకుంటూ చూసిపెట్టేవాణ్ణి.

రిటైరైన నాలుగో నెలలో వచ్చాడండి సందీప్. భీమవరం వెంకటరాజు గారబ్బాయి. వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఈ కుర్రాడు బెంగుళూరులో కంప్యూటర్లు చదివొచ్చి, తాడితోట దగ్గర మూడో అంతస్తులో సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు. వజ్రకవచ్ సిస్టమ్స్ అట. మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, చేతులు కట్టుకుని, "మీ థీసిస్ చదివానండి మాస్టారండీ. ఆయ్, మొత్తం చదివానండి" అన్నాడు.

నిజం చెప్తున్నాను. మంచినీళ్ళు తాగొస్తానని లోపలికెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చాను. వాడు చదివింది అట్ట మీద పేరేనని తర్వాత తెలిసిందనుకోండి.

అడ్వైజరన్నాడు. స్ట్రాటజిక్ అడ్వైజరు! కంపెనీ ఏ దారిన పోవాలో నేను చెప్పాలట. కార్డులు అచ్చేయించాడు. డాక్టర్ ఉదయభాస్కర్, కింద ఆ రెండు ముక్కలు. ఆ కార్డులు జేబులో పెట్టుకుని నేను కూరగాయల మార్కెట్టుకి కూడా వెళ్ళానండి. బెండకాయలమ్మే ఆవిడకి ఇవ్వలేదు, అంతే.

నెలకోసారి కారు పంపేవాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, జీడిపప్పు ప్లేటు పెట్టి, ఎవరో పెద్దమనిషిని తీసుకొచ్చి నన్ను చూపించేవాడు. "మా అడ్వైజర్ గారండీ, ఈ సబ్జెక్టులో డాక్టరేటండీ." నేను లేచి నమస్కారం పెట్టేవాణ్ణి. బొమ్మలకొలువులో బొమ్మని పెట్టినట్టు పెట్టారండి నన్ను. "ఆ ప్రోగ్రాము ఎలా రాశారో ఓసారి చూస్తానయ్యా" అంటే, "మీకెందుకండీ ఆ శ్రమ, కుర్రాళ్ళు చూసుకుంటారు" అనేవాడు.

మరి నన్ను ఏం సలహా అడిగేవాడు? ఏం అడిగుంటాడనుకుంటున్నారు? ఆఁ, అదే! "మాస్టారండీ, కొత్త మిషన్లు దింపుతున్నాం, టైము చూడండి. ఢిల్లీ వెళ్తున్నాను, ఎన్నింటికి బయల్దేరమంటారు?" ఏ చదువు చదివి ఏ గొడవ వదిలించుకున్నానో, ఆ గొడవే కారేసుకుని వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది. ఖర్మ కాకపోతే ఏంటండీ?

వద్దని రావచ్చుగా అంటారు. రావచ్చు. కానీ కార్డు మీద ఆ పేరు... ఏం చెప్పమంటారు. రాలేదు.

అప్పుడే నాగదుర్గని పెట్టించాను అక్కడ. మీకు గుర్తుండే ఉంటుంది, మీరే అడిగారు. బీఎస్సీలో నా దగ్గర చదివిన పిల్ల, బుర్ర చురుకు, మాట నెమ్మది. సందీప్ సరేనన్నాడు. తాళం వేసే పని తనకే అప్పజెప్పాడు.

ఏ తాళమంటే, ఈ పరీక్ష పేపర్లదేనండి. యూనివర్సిటీ వాళ్ళు పేపర్లని లారీలో పంపించడం మానేసి కంప్యూటర్లో పంపిద్దామనుకున్నారు. పేపరుకి తాళం వేసి, రెండ్రోజుల ముందే అన్ని కాలేజీలకీ పంపేస్తారు. తాళం వేసుంటుంది గనక ఎవరికీ కనపడదు. పరీక్షకి అరగంట ముందు తాళంచెవి చెప్తారు. తాళంచెవంటే ఇనపది కాదు, ఇరవై అక్షరాలు. తాళం వేసినప్పుడు అవి స్క్రీను మీద వస్తాయి. వాటిని నాగదుర్గ ఒక్కతే చూడాలి, రాసి కవర్లో పెట్టి సీలు వెయ్యాలి, యూనివర్సిటీ ఆఫీసరు చేతికివ్వాలి. ఆ చెవి లేకుండా విప్పాలంటే లక్ష కంప్యూటర్లకి వెయ్యేళ్ళు పడుతుందని బ్రోషర్లో వేశారు. పక్కనే నా ఫోటో.

ఫోటోయే కాదు, సంతకం కూడా. "నేను స్వయంగా పరీక్షించాను, తాళంచెవి లేకుండా విప్పడం సాధ్యం కాదు" అని ఒక సర్టిఫికెట్టు. ఈ తాళం ప్రారంభోత్సవం రోజున, భుజం మీద శాలువా ఉండగా, పెన్ను చేతికిస్తే పెట్టేశాను. దాంతోపాటే పధ్నాలుగు పేజీల ఒప్పందం. కంపెనీ తాళం గురించి బయట ఒక్క ముక్క మాట్లాడినా కోర్టుకి ఈడుస్తామని. అదీ చదవలేదు. ముప్పై రెండేళ్ళు పిల్లల ఆన్సరు పేపర్లలో కామా కూడా వదలకుండా దిద్దినవాణ్ణి, నా మొహం, నేను సంతకం పెట్టినవి చదవలేదు.

మార్చి నెలలో ఓ సాయంత్రం నాగదుర్గ వచ్చింది ఇక్కడికి. చేతిలో రెండు కాగితాలు. "మాస్టారూ, ఇవాళ ప్రాక్టీసుకి తాళం వేస్తుంటే కరెంటు పోయిందండి. మా కంప్యూటర్లో బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటొచ్చాక గడియారం మళ్ళీ మొదట్నించీ మొదలైంది. మళ్ళీ తాళం వేశాను. ఇంకోసారి పోయింది, ఇంకోసారి వేశాను. రెండుసార్లూ ఒకటే తాళంచెవి వచ్చిందండి. అలా రావచ్చా?" అంది.

రాకూడదండి! ఛస్తే రాకూడదు!

ఆ కాగితాలు పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. పొద్దున్నే ఆ పిల్ల చేత ఇంకో నాలుగుసార్లు వేయించి చూశాను. సంగతి తేలిపోయింది. ప్రధాన సంఖ్యలూ లేవు, నా పరిశోధనా లేదు. ఆ ప్రోగ్రాము చేసేదల్లా, తాళం వేసిన తేదీ, గంట, నిమిషం తీసుకుని, అటూ ఇటూ తిప్పి ఇరవై అక్షరాలు చెయ్యడం. తాళం ఏ నిమిషానికి వేశారో తెలిస్తే చాలు, చెవి చేతిలో ఉన్నట్టే. ఆ ప్రోగ్రాము డెమో సీడీలు అన్ని కాలేజీలకీ పంచిపెట్టారు కూడానూ.

నాగదుర్గ అంది, "యూనివర్సిటీ వాళ్ళకి చెప్దామండి" అని. నేనేమన్నానో తెలుసా? "నువ్వు మాట్లాడకమ్మా. చిన్నదానివి, ఉద్యోగం పోతుంది. ఎవరితోనూ అనకు, ఇంట్లో కూడా అనకు. ఇది నేను చూసుకుంటాను. సమయం వచ్చినప్పుడు నేనే చెప్తాను." తలమీద చెయ్యి పెట్టి చెప్పానండి.

ఆ మాటే పట్టుకుని కూర్చుంది ఇవాళ్టికీ. నా మాట.

సందీప్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళలేదనుకోకండి. చెప్పాను. విన్నాడు, నవ్వాడు. "తాళం ఏ నిమిషానికి వేశామో బయటివాడికి ఎలా తెలుస్తుందండీ మాస్టారండీ? ఈ సీజన్ పరీక్షలు అయిపోనివ్వండి, వేసవిలో మార్చేద్దాం" అన్నాడు. నేను పట్టుబట్టాను. అప్పుడు బీరువాలోంచి తీసి ముందు పెట్టాడండి ఆ పధ్నాలుగు పేజీలు. పైన నా సర్టిఫికెట్టు. ఒక్క దురుసు మాట అనలేదు. "మీరే పరీక్షించానని రాశారు కదండీ" అన్నాడు, అంతే. కాఫీ తెప్పించాడు. తాగానండి. తాగి, కారెక్కి ఇంటికొచ్చాను.

ఆ తర్వాతే, ఏప్రిల్లో, అసలు పేపర్లకి తాళం వేసే రోజు. టైము చూడమన్నాడు. చూశాను. తెలిసి తెలిసి చూశాను. బుధవారం పొద్దున్న పది నలభై రెండు. లగ్నం శుభ్రంగా ఉంది. పూజారిగారొచ్చారు, కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నా వాచీ చూసి నేను తలూపితే మీ అమ్మాయి బటన్ నొక్కింది. నొక్కేముందు నా మొహంలోకి ఒక్కసారి చూసింది. నేను ఫోటోగ్రాఫర్ వైపు తిరిగాను.

మర్నాడు జిల్లా పేపర్లో వేశారు. చూశారు కదా మీరు? కత్తిరించి అద్దం కింద పెట్టుకున్నారటగా, అమ్మాయి ఫోటో పడిందని. ఇప్పుడు వెళ్ళి దాని కింద ఏముందో చదవండి. "బుధవారం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాల శుభముహూర్తాన ప్రశ్నపత్రాలకు తాళం వేశారు. ముహూర్తం నిర్ణయించినది సంస్థ సలహాదారు డాక్టర్ ఉదయభాస్కర్." ఇదండీ! ఇదీ నేనిచ్చిన స్ట్రాటజీ! వెయ్యేళ్ళు పట్టాల్సిన తాళానికి చెవి తయారుచేసి, జిల్లా అంతా ఇంటింటికీ వేయించాను!

నవ్వండి, పర్లేదు. నాకూ ఒక్కోసారి నవ్వొస్తుంది.

అయినా ఆ నిమిషంతో తాళంచెవికి సంబంధం ఉందని ఎవరికి తెలుస్తుంది? పేపరు చదివే లక్షమందిలో ఎవడికీ తెలీదుగా? నాకూ, సందీప్‌కీ, మీ అమ్మాయికీ తప్ప. మరి బయటికెలా వెళ్ళిందంటారా?

ఆగండి. చెప్తాను. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

జంగారెడ్డిగూడెం వైపు ఒక కాలేజీ వాళ్ళు ఉపన్యాసానికి పిలిచారు. శుక్రవారం, తాళం వేసిన రెండ్రోజులకి. నాలుగొందల మంది పిల్లలండి. ప్రధాన సంఖ్యల గురించి మొదలుపెట్టాను. పావుగంటకే వెనకబెంచీల వాళ్ళు ఫోన్లు తీశారు. ముందు వరసలో ఒకాయన కునుకు తీస్తున్నాడు. నా ముప్పై రెండేళ్ళూ అక్కడ నా కళ్ళముందు కునుకు తీస్తున్నట్టే ఉందండి. లోపల ఒకటి కొట్టుకుంటోంది. పెద్ద కంపెనీ వేసిన తాళంలో తప్పు పట్టినవాణ్ణి నేను, ఈ జిల్లాలో ఇంకెవరు పట్టగలరు, ఎవరికీ చెప్పుకోకుండా ఎలా చావను?

అన్నానండి. "పిల్లలూ, నాకొక తాళం తెలుసు. దానికి చెవి ఏంటంటే, దాన్ని వేసిన టైమే" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఫోన్లు దింపేశారు. కునుకు తీసే ఆయన లేచి కూర్చున్నాడు. ఎలా, ఎలా అన్నారు. బోర్డు మీద వేసి చూపించాను. తేదీ ఇలా, గంట ఇలా, నిమిషం ఇలా. చప్పట్లండీ! నా జన్మలో అన్ని చప్పట్లు విన్లేదు.

కంపెనీ పేరు చెప్పలేదు. ఒట్టు, నేను చెప్పలేదు. నేను లేవకముందే నన్ను పరిచయం చేసినాయన మైకులో చదివేశాడు, ఫలానా వజ్రకవచ్‌కి స్ట్రాటజిక్ అడ్వైజరని. మిగిలింది జిల్లా పేపర్లో ఉండనే ఉంది. ఆ నాలుగొందల మందిలో ఎవడో ఒకడు పేపరు తిరగేశాడు, డెమో సీడీ పెట్టాడు, పది నలభై రెండు కొట్టాడు. ఒక్కసారి కొట్టుంటాడు. రెండోసారి అక్కర్లేదు.

ఏంటలా చూస్తారు? అవునండి. మీ అమ్మాయి చెయ్యలేదు. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. నాకు తెలుసు. ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు.

లేవకండి, లేవకండి. ఇంకా ఉంది. అయ్యో, నా చేతులు పట్టుకోకండి బాబూ, నాకు దండాలేంటి? కూర్చోండి ముందు. అయిపోలేదు.

కమిటీ వాళ్ళు ఇవాళ పొద్దున్న వచ్చారండి ఇక్కడికి. ముగ్గురు. వాళ్ళలో హారతి గారని ఒకావిడ, కంప్యూటర్ ప్రొఫెసరు, మంచి మనిషి. "సార్, ఆ అమ్మాయి ఏమడిగినా మాస్టారికి తెలుసంటోంది. అందుకే రేపటిదాకా ఆగకుండా మీ దగ్గరికొచ్చాం. ఈ తాళం చెవి లేకుండా విప్పడం సాధ్యమేనా? ఏదైనా లోపముంటే చెప్పండి, మీ ఒప్పందం సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది, మీకేమీ కానివ్వం" అంది. తలుపు బార్లా తీసి పెట్టిందండి ఆవిడ. ఇంకేం కావాలి మనిషికి?

కోర్టుకి భయపడ్డానని చెప్పుకుందామనుకున్నాను. కానీ అది కూడా లేకుండా చేసింది ఆవిడ. అప్పుడు తెలిసింది నాకు, నన్ను కట్టేసింది ఆ పధ్నాలుగు పేజీలు కావని. లోపముందంటే, మరి పరీక్షించానని ఎలా సంతకం పెట్టారంటారు. తెలిసీ ముహూర్తం ఎందుకిచ్చారంటారు. బోర్డు మీద వేసిందెవరంటారు. రేపు పేపర్లో పడుతుంది. స్టాఫ్ రూములో చదువుకుంటారు. బజార్లో మాస్టారూ అని చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాళ్ళు మొహం తిప్పుకుంటారు.

"సాధ్యం కాదు" అని రాసిచ్చాను. "నాగదుర్గ మీతో ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా" అనడిగారు. "లేదు" అని రాశాను. సంతకం పెట్టాను. ఈసారి చదివే పెట్టాను.

మా ఆవిడ అలివేలుమంగ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. మార్చిలో మీ అమ్మాయికి కాఫీ ఇచ్చింది ఆవిడేగా. వాళ్ళు వెళ్ళాక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఇంతవరకూ తియ్యలేదు.

అచ్చిబాబు గారూ, తిట్టండి. ఆ కర్రుందిగా మూల, తీసుకోండి.

ఏంటి? రేపు నేనొచ్చి ఆ కాగితం తప్పని చెప్పాలా? మీరు పొద్దున్నే వచ్చి నన్ను తీసుకెళ్తారా?

వస్తాననడానికి నోరు తిరుగుతుందండి. ఇప్పుడే అనగలను. మీరు కళ్ళొత్తుకుని, నా మాట నమ్మి వెళ్తారు. మీ అమ్మాయి కూడా నమ్మింది కదా అలాగే.

వినండి. ఇంటికెళ్ళి నాగదుర్గకి చెప్పండి, మాస్టారు రారని. ఎవరితోనూ అనకు అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకున్నానని చెప్పండి. కరెంటు పోయిన సంగతి, రెండుసార్లు ఒకటే చెవి వచ్చిన సంగతి, నా దగ్గరికొచ్చిన సంగతి, అంతా తననే చెప్పుకోమనండి. గట్టిగా చెప్పమనండి. నా విషయంలో మొహమాటం పెట్టుకోవద్దనండి.

వాళ్ళు నన్ను పిలిపిస్తారు. ఈ అమ్మాయి చెప్తున్నది నిజమేనా అని అడుగుతారు. ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంటుంది.

అబద్ధమనే అంటానండి నేను. నన్ను నేనెరుగుదును. అందుకే ఇప్పుడే చెప్తున్నాను మీకు, మీరు లాయర్ని చూసుకోండి, నన్ను మాత్రం నమ్ముకోకండి.